ఈతకు ముందు నూనె, ఈత తర్వాత మంచినీళ్ళు

మొన్న వేసవిలో విశాఖపట్నంలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మనవరాలు ఈతకొలను నుంచి వచ్చి తల విప్పుకుంటే ఆ జుట్టు ఎండు పీచులా నా చేతికి గరగరలాడింది. నీళ్ళలో కలిపే క్లోరిన్‌కి పిల్ల భుజాల మీద చర్మం తెల్లగా పొట్టు రేగుతోంది. రబ్బరు టోపీ, ఖరీదైన షాంపూ, ఏవో క్రీములు అన్నీ అయ్యాయని, అయినా లాభం లేదని మా అమ్మాయి వాపోయింది. దిగకముందే మంచినీళ్ళతో తల తడిపి, కొబ్బరినూనె పట్టించి, బిగించి జడ వెయ్యి, అప్పటికే తడిసిన జుట్టు చెడ్డనీళ్ళను అంతగా పీల్చుకోదు అన్నాను. నీకెలా తెలుసని అడిగింది. మా అత్త చెప్పిందన్నాను.

అత్త అంటే మా నాన్న చెల్లెలు, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. వజ్రపుకొత్తూరు అవతల, కొబ్బరితోటలు దాటితే సముద్రమే అన్నట్టుండే ఊరు మాది. ఆడపిల్ల ఒడ్డున గవ్వలేరుకుంటే ముద్దుగా చూసి, అలలు దాటి ఈదితే ఇంటిల్లిపాదీ తిట్టే రోజులవి, నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అత్త ఆ తిట్లన్నీ తిని ఈదింది, నాకూ నేర్పింది. కానీ ఒంటికి, తలకు నూనె రాయనిదే నన్ను నీళ్ళలో అడుగు పెట్టనిచ్చేది కాదు. బయటికొచ్చాక ఉప్పు ఆరకముందే మా పెరటి నూతి దగ్గర కూర్చోబెట్టి చేద మీద చేద గుమ్మరించేది, కుంకుడు రసంతో తలంటేది, నోట్లో ఉప్పు పోవాలని అదే చేదలోంచి దోసిళ్ళతో తాగించేది. శనివారం మాత్రం సముద్రం మొహం చూడనిచ్చేది కాదు, ఆదివారం చర్చిలో అట్టకట్టిన తలలతో కూర్చుంటే పాస్టరమ్మ చూపు మా మీదే ఉంటుందని.

ఎంత నూనె రాసినా ఎండకు మాత్రం నల్లబడ్డాం. టెక్కలి నుంచి అత్త పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీ తాగి, పిల్ల బొగ్గులా ఉందని ఆమెకు వినబడేలాగే అనుకుంటూ వెళ్ళిపోయారు. ఇక నాయనమ్మ అత్తను గడప దాటనివ్వక, రోజూ శనగపిండీ పసుపూ పెట్టి చర్మం మండేదాకా రుద్దింది. అత్త ఓర్చి ఓర్చి ఒకరోజు ఆ పిండి గిన్నె విసిరికొట్టింది.

"నల్లగుంటే ఏటైపోతాదమ్మా? సముద్రమేటి నన్ను తినీసిందా?"

తినలేదు. ఊళ్ళోనే జీడితోట ఉన్న ఒకాయన ఆమెను ఆ రంగుతోనే ఇష్టపడి చేసుకున్నాడు. పెళ్ళయ్యాక కూడా ఆమె ఈదుతుంటే మావయ్య పొడి చీర పట్టుకుని ఒడ్డున నిలబడేవాడు. ఊరు నవ్వినా లెక్కచేసేవాడు కాదు.

నేను టెక్కలిలో టీచరుగా ఉన్న రోజుల్లో అత్త కాళ్ళు వాచాయి. మా వైపు ఊరూరా కిడ్నీ జబ్బే, కాళ్ళు వాచాయని వింటే చాలు, ఇంక ఎవరూ ఏమీ అడగరు. కిడ్నీలు పోయాయన్నారు. పలాసకు ఆటోలో తిప్పి డయాలసిస్ చేయిస్తుంటే ఆమె చర్మం చేప పొలుసులా లేచింది, గోకి గోకి చేతులు పుండ్లు పడ్డాయి, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడివచ్చింది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి నూనె రాసేదాన్ని. ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"పైన రాత్తే ఏటొత్తాదే? దురద లోపల్నించి వత్తంది."

ఆ వారమే సముద్రంలో దిగుతానంది. మెడలో డయాలసిస్ గొట్టం ఉంది, తడిస్తే ప్రమాదమని డాక్టరు ససేమిరా అన్నాడు. నేనూ మావయ్యా ఒడ్డుదాకా తీసుకెళ్ళి పడవ నీడలో కూర్చోబెట్టాం. అల వచ్చి వాచిన పాదాలు తడిపి వెళ్ళింది. అత్త ఆ తడిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు తిని ఎన్నాళ్ళైందో," అంది.

మావయ్య అటు తిరిగి నిలబడ్డాడు. ఆ వానాకాలం దాటకుండానే అత్త పోయింది.

ఈ జబ్బుకు నీళ్ళే కారణమని కొందరు, కాదని కొందరు అన్నారు, పెద్ద పెద్దవాళ్ళు వచ్చి రక్తమూ నీళ్ళూ సీసాల్లో పట్టుకెళ్ళారు గానీ, ఇదీ కారణమని మావయ్యకు చెప్పినవాళ్ళు ఈనాటికీ లేరు. చెడ్డదని మేం భయపడిన సముద్రం మాకు ఏ కీడూ చెయ్యలేదు. మంచివని నమ్మి తాగిన నీళ్ళను మాత్రం ఇప్పుడు ఎవరూ నమ్మడం లేదు. నూతికి ఇనుప వల బిగించేశారు, ఎక్కడినుంచో గొట్టాల్లో నీళ్ళు వస్తున్నాయి, చాలనివాళ్ళు డబ్బాలు కొనుక్కుంటున్నారు.

ఆ ఊరు వెళ్తే నా తోటివాళ్ళు బాగా తక్కువే కనిపిస్తున్నారు. ఉన్నవాళ్ళు ఎదురుపడితే, ఒకప్పుడు ఈ వేళ అల ఎలా ఉందని అడిగినవాళ్ళే, ఇప్పుడు రక్తపరీక్షలో కిడ్నీ అంకె ఎంత వచ్చిందని అడుగుతున్నారు. నేనూ నా అంకె చెప్పి, వాళ్ళ అంకె అడిగి, బస్సెక్కి వచ్చేస్తున్నాను.