ఇంత ఇరుకుగా ఉంటుందా

ఆ యుద్ధవిమానాల సినిమా విడుదలైన రోజు హాలంతా ఈలలతో హోరెత్తిపోయింది. మిత్రులతో కలిసి మొదటి ఆటకే వెళ్ళినా నేను మాత్రం ఒక్క ఈల కూడా వేయలేకపోయాను. నెల ముందు మెట్రోలో కలిసిన ఒకావిడే దానికి కారణం.

అప్పుడే ట్రైలర్ వచ్చింది. దేశ రాజధాని మెట్రోలో ద్వారక నుంచి ఆఫీసుకు వెళ్తూ నాలుగోసారి చూస్తున్నాను. పక్క సీట్లో కూర్చున్న యాభై ఏళ్ళావిడ నా ఫోన్‌లోకి తొంగి చూసింది. తెరమీద తెలుగు అక్షరాలు గమనించింది కాబోలు, "బాబూ, పైలట్ కూర్చునే చోట ఒక్కసారి ఆపుతావా?" అని అడిగింది.

ఆపాను.

"ఇంత ఇరుకుగా ఉంటుందా!" అంది.

"ఫైటర్ కదా ఆంటీ, అంతే ఉంటుంది," అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

"మా అమ్మాయి నడిపేది ఇలాంటిదే. ఇప్పుడెక్కడుందో చెప్పకూడదంట. ఫోనొచ్చి ఇరవై రోజులైంది." తెరమీంచి చూపు తిప్పకుండా, "చిన్నప్పుడు మంచమంతా దానికే కావాలి బాబూ. కాళ్ళు బారజాపుకోకపోతే నిద్రపట్టేది కాదు," అంది.

ఆవిడ తెరమీది హెల్మెట్‌ను వేలితో మెల్లగా నిమిరింది. వేలు తగలగానే ఆగిన వీడియో కదిలింది. విమానం మబ్బుల్లోకి దూసుకుపోయింది. ఆవిడ వేలు మాత్రం అక్కడే ఉండిపోయింది.