నెట్టు లోపలి బస్తా

మొన్నటి వానలకి మా ఇంట్లో డబ్బా అడుగున బియ్యం ముక్కిపోయాయి. మూత తియ్యగానే గుప్పుమన్న ఆ వాసనకి ప్రభుదాసు గారు గుర్తొచ్చారు. మచిలీపట్నంలో, ధాన్యం నిలవచేసే ప్రభుత్వ సంస్థలో ఆయన అకౌంట్స్ మేనేజరు, నేను కొత్తగా చేరిన అసిస్టెంటుని. గుడివాడ నుంచి బస్సులో నిలబడి వచ్చి, ఆయన చేత చివాట్లు తినడంతో నా రోజు మొదలయ్యేది. కూడిక తప్పితే ఊరుకునేవారు గానీ, చూడకుండా రాస్తే మండిపడేవారు. "కళ్ళు ఇంటి దగ్గర పెట్టొచ్చావా అమ్మాయ్?" అనేవారు.

ఆ ఏడు దివిసీమలో మా గోదాములోకి వరద నీళ్ళొచ్చాయి. సంవత్సరాఖరు తనిఖీకి ఆడిటర్లతో పాటు మేమూ వెళ్ళాం. ఆడిటర్లకో అలవాటుండేది. పేర్చిన బస్తాల నెట్టుని బయటినుంచే పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి, హెచ్చవేసుకుని, రొయ్యల వేపుడు భోజనానికి లేచేవారు. గోదాము వాళ్ళకి ఆ సంగతి తెలుసు కాబట్టి బయటి వరసలన్నీ కొత్త బస్తాలతో కట్టారు. ప్రభుదాసు గారు హమాలీని పిలిచి, "మధ్యలోది ఒకటి లాగవయ్యా" అన్నారు. లాగితే మొలకలొచ్చి నల్లబడిన ధాన్యం. ఆడిటరు వాచీ చూసుకుని, "భోజనం చల్లారిపోతుందండీ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, ప్రభుదాసు గారి ముఖం చూసి మింగేశాను.

ఆ ధాన్యాన్ని నష్టం కింద రాస్తే సంస్థకి ఆ ఏడు లాభం ఉండదు. హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. పెద్దాఫీసరు గొంతు నాక్కూడా వినబడుతోంది. "మంచి సరుకని రాసి సంతకం పెట్టండి ప్రభుదాసు గారూ. మీరొక్కరేనా హరిశ్చంద్రుడు? ప్రభుత్వ సొమ్మేగా, ఎవరింట్లోదీ కాదు."

"ఎవరిదీ కాదనేగదండీ ఇట్టా కుళ్ళబెట్టారు. నేను పెట్టనండీ" అన్నారాయన.

వారం తిరక్కుండా ఆయన్ని రాష్ట్రం ఆ చివరికి బదిలీ చేశారు. ఇంట్లో భార్య పక్షవాతంతో మంచంలో ఉంది, ఊరు కదలలేని మనిషి. అది తెలిసే చేశారు, దుర్మార్గులు. ఆయన్ని సాగనంపడానికి వెళ్ళి, బస్టాండులో ఏడుపు ఆపుకోలేక, "సంతకం పెట్టేస్తే పోయేది కదండీ" అన్నాను. "పోయేదేనమ్మా. వచ్చే ఏడు ఇంకోటి పెట్టమంటారు" అన్నారు. కొత్తగా వచ్చినాయన చేరిన రోజే సంతకం పెట్టాడు. లాభాలొచ్చాయని నున్నటి కాయితం మీద వార్షిక నివేదిక అచ్చయింది. భార్య పోయినప్పుడు ప్రభుదాసు గారు దగ్గర లేరు, సమాధి కార్యక్రమానికి వచ్చి చేరారు. ఆ తర్వాత ఆయనా ఎన్నాళ్ళో బతకలేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. ఆయన నేర్పిన మొండితనం ఒక్కటే నాకు మిగిలింది. ఏటా ఉన్నదున్నట్టు నష్టం రాసి పంపుతాను, ఏటా లాభం అచ్చవుతుంది. నన్ను బదిలీ అయినా చెయ్యరు. నా సంతకంతో పని లేకుండా చేసుకున్నారు.