విశ్వకర్మ పూజ నాటి అట్లకాడ

మొన్న మా వీధి మలుపులో ఒక మెకానిక్కు ఆగిపోయిన మోటారు సైకిలుకు వైరు తగిలించి, చేతిలోని చిన్న తెర వంక చూసి రోగమేమిటో చెప్పేశాడు. బండి వాసన చూడలేదు, ఏ భాగాన్నీ విప్పి చెవి దగ్గర పెట్టుకోలేదు. పెట్రోలు చేతికంటితే మూడు రోజులు అన్నంలో కూడా అదే రుచి తగిలిన తరం మనది గనక, నాకెందుకో ఆయన మీద జాలి కలిగి, ఎనభైల నాటి మా బావ బండి గుర్తొచ్చింది.

అప్పట్లో నేను హౌరాకు నది అవతలి గార్డెన్ రీచ్‌లో మా అక్కాబావల రెండు గదుల ఇంట్లో ఉంటూ, రేవు గోదాములో పని చేసేవాణ్ని. నా బడి చదువు ఎనిమిదితో ఆగింది గానీ, మా పేట లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని తేనెటీగల పెంపకం మొదలుకొని దీపస్తంభాల నిర్మాణం దాకా ఇంగ్లీషులోనే చదివి, చదివినదంతా భోజనాల వేళ అడగకుండానే వడ్డించేవాణ్ని. మా బావ మునిసిపల్ లారీల గ్యారేజీలో ఫిట్టరు. పుస్తకం పట్టిన చేతికి పానా ఇవ్వకూడదన్నది ఆయన సిద్ధాంతం.

ఆ ఏడు ఆయన శ్రీకాకుళం దగ్గరి మా ఊరికి నెల సెలవు మీద వెళ్తూ, కంపెనీ పేరు ఏనాడో చెరిగిపోయిన తన చిన్న మోటారు సైకిలును నాకప్పగించాడు. "రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపు. అంతకు మించి నీ పుస్తకాల వైద్యం చేసి పాడు చేసినావో, ఆ లైబ్రరీ కార్డు పొయ్యిలో పెడతాను" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. విశ్వకర్మ పూజ నాటి పొద్దున్నే వస్తాడు, బండికి దండ వేసి దాని మీదే గ్యారేజీ పూజకు వెళ్లాలి. ఏడాది పొడుగునా ఎర్రజెండా కింద నిలబడే ఆ గ్యారేజీ యూనియన్ వాళ్లు ఆ ఒక్కరోజు విశ్వకర్మ ముందు ధూపం పొగలో నిలబడేవారు, ఆ రెంటికీ పొసగదని ఎవరికీ తోచేది కాదు.

పూజ ఇంకా నాలుగు రోజులుందనగా బండి కింద పెట్రోలు చుక్కలు పడటం మొదలైంది. కిక్కు కొట్టి కొట్టి నా కాలు నొప్పెట్టిందే గాని అది దగ్గనైనా దగ్గలేదు, ప్లగ్గు విప్పితే తడిసి ముద్దయి ఉంది. నిజం చెప్పాలంటే నాకు లోలోపల సంతోషమే వేసింది, ఇన్నాళ్లకు నా చదువుకు ఒక రోగి దొరికాడని. లైబ్రరీకి పరుగెత్తి పుస్తకం తీశాను. కార్బురేటర్ పొంగుతోందని తేలింది. మిద్దె మీద నీళ్ల ట్యాంకులో తేలే బంతి లాగే, కార్బురేటర్ గిన్నెలో లోపల డొల్లగా ఉండే ఇత్తడి ఫ్లోటు ఒకటి తేలుతూ, పెట్రోలు నిండగానే పైకి లేచి ఒక సూదిని కన్నంలోకి నొక్కుతుంది. సూది దగ్గర నలుసు పడితే కన్నం మూతపడదు, పెట్రోలు పొంగుతుంది. అంతవరకు చదివి, అర్థమైపోయిందనే ధీమాతో పుస్తకం మూసేశాను.

మూడు రోజుల్లో మూడుసార్లు విప్పి ఆ సూదిని పెళ్లికూతురి ముక్కుపుడకలా మెరిపించాను. పెట్రోలు మాత్రం కారుతూనే ఉంది. నాలుగోసారి విప్పి ముక్కలన్నీ పళ్లెంలో పెట్టుకున్న సాయంత్రమే అక్క బావ పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, విశ్వకర్మ పటం ముందు పేర్చేసింది. ఆ ఊళ్లో పూజ ముగిసేదాకా పనిముట్టు ముట్టుకోవడం మహాపాపం. తెల్లవారగానే మా పేట మెకానిక్కు దగ్గరికి పరుగెత్తితే, ఆయన డాబా ఎక్కి పండగ గాలిపటం ఎగరేస్తూ, కిందికైనా చూడకుండా "ఆజ్ హోబే నా, దాదా" అన్నాడు. ఇవాళ కుదరదట.

నేను తిరిగొచ్చి పళ్లెం ముందు కూలబడేసరికి, అక్క పూజకు తెచ్చిన కొబ్బరికాయల్ని ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడించి చూస్తోంది. కాయల వరస అయ్యాక చెయ్యి ఊరుకోక, పళ్లెంలోని ఫ్లోటును కూడా తీసి ఆడించింది.

"ఒరే, ఇది డొల్లదన్నావు గదా! మరి లోపల నీళ్లేటి?"

లాక్కుని విన్నాను. గుడగుడమంది. ఎక్కడో సూదిమొనంత చిల్లు పడి, లోపల పెట్రోలు నిండి, తేలవలసింది మునిగిపోతోంది. తర్వాత చూసుకుంటే ఆ సంగతి పుస్తకంలోనే, నేను మూసేసిన పుటకు అవతలి వైపునే ఉంది.

పొయ్యికి దూరంగా, పెరట్లో వేన్నీళ్ల గిన్నెలో ఫ్లోటును ముంచితే బుడగలు లేచి చిల్లు కనబడింది. లోపలి పెట్రోలు బయటికొచ్చేదాకా ఆడించి తుడిచాను. అతికించడానికి ఏమీ లేక నేను తల పట్టుకుంటే, అక్క బట్టల సబ్బు గీకి అక్కడ గట్టిగా రుద్దింది. కిరసనాయిలు డబ్బా కారితే తను ఎప్పుడూ చేసే పనే అది. ఇక మరలు బిగించాలి. పటం ముందున్న స్క్రూడ్రైవరు వైపు నా చూపు వెళ్లడం చూసి, అక్క అట్లకాడ అందించింది.

"ఇది అన్నపూర్ణమ్మది. విశ్వకర్మకేటి సంబంధం?"

అట్లకాడ మూల వంగింది గాని మరలు బిగిశాయి. హౌరా నుంచి బావ వచ్చేసరికి బండికి దండ కూడా వేసేశాం. మూడో కిక్కుకు స్టార్టయింది. బావ ముక్కు ఎగబీల్చి "ఏటే, సబ్బు వాసనేస్తంది?" అంటే, "కడిగినాం మరి, పండగ కదా" అంది అక్క, రెప్ప వేయకుండా.

మర్నాడు ఆయనే కార్బురేటర్ విప్పాడు. సబ్బును గోటితో గీకి చూసి, నా వంక చూసి, "ఇది నీ పుస్తకంలో ఉందేటి?" అని అడిగాడు. పొయ్యి రాజుకుని ఉంది, కార్డు నా జేబులో ఉంది. ఉందన్నాను. అక్క కూర తరుగుతూ తలెత్తలేదు. బావ చిల్లుకు టంకం పెట్టుకున్నాడు.

మరుసటేడు పూజకు పానాలూ సుత్తులూ పేర్చి, బావ నా ముందు చెయ్యి చాపి, లైబ్రరీ కార్డు అడిగి తీసుకుని, దానికి కుంకుమ బొట్టు పెట్టి వాటి పక్కన నిలబెట్టాడు. అక్క కొబ్బరికాయను నా చెవి దగ్గర ఆడించి లోపలికి వెళ్లిపోయింది. ఆ పక్కన అట్లకాడ కూడా ఉండాలని నాకు తోచింది, చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. బావ పోయేదాకా రాలేదు.

ఇప్పుడు ఆ లైబ్రరీకి తాళం పడింది. బండ్లలో చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేదేదీ మిగల్లేదు. పూజ నాడు ముందు పెట్టుకోవడానికి మా ఇంట్లో ఒక పానా కూడా లేదు. ఈ ఏడు మాత్రం, ఇల్లు ఖాళీ చేసినప్పుడు అక్క నాకు వదిలి వెళ్లిన ఆ మూల వంగిన అట్లకాడను కడిగి, బొట్టు పెట్టి పటం ముందుంచి, ఊళ్లో ఉన్న అక్కకు ఫోను చేసి చెప్పాను.

"మరి ఇయ్యాల అట్లు ఏటితో తిప్పుతావురా?" అంది.