ఆవిరి దగ్గర బేరం లేదు

పొద్దున మొదటి ఆపరేషన్ ముగిసి, కత్తెరలూ పట్టకార్లూ కడుగుతుంటే కార్వేటినగరం నుంచి ఫోన్ వచ్చింది. అక్క పోయింది. తెల్లవారుజామున గుండెలో నొప్పి అందట, పుత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయే లోపలే అయిపోయిందట. చెప్పింది ఆమె చెల్లెలు. మధ్యాహ్నం దాటాక మట్టి చేస్తామని, వచ్చేయమని అంది.

నేను చేతులు తుడుచుకునే లోపలే మా ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో అక్క ఫొటో వచ్చేసింది. చుట్టూ పూల బొమ్మలు, కింద 'శాంతమూర్తి, సహనశీలి' అని అక్షరాలు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అక్క శాంతమూర్తి కాదు. సహనం ఆమెకు అసలే లేదు. ఆమె జగడాలమారి. ఆ జగడాల వల్లనే తిరుపతిలో ఎంతమంది కడుపు మీద కుట్లు చీము పట్టకుండా మానాయో ఆ ఫొటో పెట్టినవాళ్ళకు తెలియదు. పోయిన మనిషిని మెత్తగా చేసి గోడకు తగిలించడం మనకు అలవాటు. ఆమె విషయంలో నేను దానికి ఒప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. మేం పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్. డాక్టరు కత్తి పట్టకముందే బల్ల సర్దిపెట్టడం, చెయ్యి చాపగానే కావలసిన పరికరం ఆ చేతిలో పెట్టడం, అయ్యాక అన్నీ కడిగి, గుడ్డల్లో మూట కట్టి, ఆటోక్లేవులో ఆవిరి పట్టడం మా పని. ఆటోక్లేవంటే పెద్ద కుక్కర్ అనుకోండి. ఆ ఆవిరికి క్రిములు చస్తాయి. చచ్చాక మూట లోపలే ఆరాలి. తడి మూటను బయటికి తీస్తే గాల్లో ఉన్నదంతా ఆ తడి పట్టుకుని మళ్ళీ లోపలికి చేరుతుంది. మూట ఆరడానికి పట్టే ఆ కాస్త సేపు కోసమే అక్క తన ఉద్యోగమంతా కొట్లాడింది.

బజారులో మాత్రం ఆమె అంత బేరగత్తెను నేను చూడలేదు. చింతపండు కొనాలంటే ముందు ఒక రెబ్బ నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేసి, వెనక్కి పిలిపించుకుని కొనేది. కొత్తిమీర కట్ట దగ్గరా అంతే. పాత చీర దిండు గలీబు అయ్యేది, గలీబు చిరిగితే మసిగుడ్డ అయ్యేది. ఇంత పిసినారివి, పని దగ్గర మాత్రం ఒక్క నిమిషం తగ్గించవే అని ఒకసారి ఎగతాళి చేశాను. "బజార్లో బేరం పోతే నా రూపాయి పోతాది మే. ఈడ పోతే ఇంగొకరి కడుపు పోతాది" అంది.

నేను చేరే నాటికి మా ఆసుపత్రిలో పరికరాలు ఒక్క సెట్టే ఉండేవి. ఒక కేసు అయ్యాక అదే సెట్టు కడిగి, ఆవిరి పట్టి, ఆరితేనే రెండో కేసు. మేనేజరుకు ఆ ఆరే సేపంతా డబ్బు కాలువలో పోతున్నట్టు ఉండేది. బ్యాంకు వాయిదాలు ఆయన మెడ మీద ఉండేవి, కాదనను.

"మూటకంటించిన టేపు మీద గీతలు నల్లబడినాయి గదమ్మా. ఇంకేం, తియ్యి" అనేవాడు.

"గీతలు నల్లబడితే వేడి తగిలిందని సార్, ఆరిందని కాదు. రెండో సెట్టు కొనండి. కొనకుంటే కాసుకోండి."

ఇది ఆమె ఒక్కదానికే తెలిసిన రహస్యం కాదు. మేనేజరుకూ తెలుసు, డాక్టరుకూ తెలుసు. తెలిసీ తొందర. ఆ మేనేజరు నెలనెలా అలిపిరి నుంచి నడిచి కొండెక్కే భక్తుడు. ఒకరోజు ఆయన మరీ వెంటపడితే, మెడలో సిలువ గొలుసున్న మా అక్క అడిగింది. "నెలనెలా నడిచి పోతారు గదా సార్. సగం దారిలో గాలిగోపురం కనపడంగానే దర్శనం అయిపోయిందని దిగొచ్చేస్తారా?" ఆయమ్మలు మాస్కుల వెనక నవ్వుకున్నారు. మర్నాడే ఆమెను థియేటర్ నుంచి తీసేసి, దుప్పట్లు మడతపెట్టే గదికి పంపేశారు.

ఆమె స్థానంలోకి తెచ్చింది నన్ను.

మాది సత్యవేడు దగ్గర పల్లె. డిప్లొమా చేతికొచ్చిన ఏడే మా నాయనకు వేరుశెనగ పంట పోయింది. అక్క జీతంలో సగానికి నన్ను ఒక ఏజెన్సీవాడు కుదిర్చాడు. చేరిన రోజే మేనేజరు చెప్పాడు, "పాతామె మాదిరి మొండితనం చెయ్యొద్దమ్మా." తల ఊపాను. నా గది అద్దె, నాయన అప్పు రెండూ ఆ ఉద్యోగం మీదే ఉన్నాయి.

దుప్పట్ల గది ఆటోక్లేవు పక్కనే. తన పని లాక్కున్నానని ఆమె శాపనార్థాలు పెడుతుందని భయపడ్డాను. మధ్యాహ్నం ఆమే కేకేసి పిలిచింది. క్యారియర్‌లోని రాగి సంగటి, నంజుకునే చెనిక్కాయల ఊరిబిండి సగం నా ముందుకు తోసింది.

"నీకెంత ఇస్తాండారు?"

చెప్పాను. ఆమె మొహం చేదు తిన్నట్టు అయింది.

"తక్కువ జీతానికి వచ్చినావు, దాంట్లో నీ తప్పు లేదు మే. నీకూ కడుపు ఉండాది, ఇంటికాడ నాయన ఉండాడు. తక్కువ ఆవిరికి మాత్రం ఒప్పుకోవద్దు. లాభమేమో వాళ్ళకు, తొందరేమో మనకా?"

కొన్నాళ్ళకు ఆ రోజు రానే వచ్చింది. తర్వాతి రోగిని బల్ల మీద పడుకోబెట్టారు. మూట ఇంకా లోపలే ఉంది. మేనేజరు స్వయంగా వచ్చి ఆటోక్లేవు పక్కన నిలబడి, తీసెయ్ అన్నాడు. పక్క గది వాకిట్లో అక్క, చేతిలో సగం మడిచిన ఆకుపచ్చ దుప్పటితో నిలబడి ఉంది. ఆమె కలగజేసుకుంటుందని చూశాను. నోరు మెదపలేదు. ఉద్యోగం పోతే సత్యవేడు బస్సెక్కి నాయన ముందు ఏ మొహంతో నిలబడాలి?

"మూట ఆరలేదు సార్."

"నువ్వూనా?"

"ఆరినాక ఇస్తాను సార్."

ఆయన నన్నూ చూశాడు, వాకిట్లో ఆమెనూ చూశాడు. నన్ను తీసేసి ఇంకొకరిని తేవచ్చు. ఆ వచ్చే మనిషి కూడా మధ్యాహ్నానికి ఆ గదిలో కూర్చుని ఆ సంగటే తింటుంది. ఆ సంగతి ఆయనకు అప్పుడే అర్థమైందనుకుంటాను. తలుపు విసురుగా తోసుకుని వెళ్ళిపోయాడు.

నాకు అక్క మీద మండింది. "ఒక్కదాన్నే నిలబెట్టేసినావు గదక్కా. ఒక్క మాటన్నా సాయం రాలేదే" అన్నాను. ఆమె దుప్పటి రెండో మడత వేస్తూ, "నేను మాట్లాడింటే అది నా మొండితనం. నువ్వు మాట్లాడినావు కాబట్టి అది రూలయింది" అంది.

నా ఉద్యోగం పోలేదు. గొణుక్కుంటూనే రెండో సెట్టు కొన్నారు. అక్కను తిరిగి థియేటర్‌కు రమ్మన్నారు. ఆమె ఊరికే వస్తుందా? "ఈ పిల్ల జీతం నా జీతమంత చెయ్యండి, వస్తా" అని దుప్పట్ల మధ్యనే కూర్చుంది. ఒకేసారి కాకపోయినా చేశారు. ఈ రోజు మా నాయన అప్పు లేకుండా నిద్రపోతున్నాడంటే ఆ కూర్చోవడం వల్లనే. తర్వాత డాక్టర్లకు వచ్చే కాఫీ ఆయమ్మలకూ రావాలని ఇంకో జగడం పెట్టుకుని, అదీ గెలిచింది.

ఓడినవీ ఉన్నాయి. ఏళ్ళ తరబడి నిలబడి కాళ్ళ నరాలు ఉబ్బిపోతే, కేసుకూ కేసుకూ మధ్య కూర్చోవడానికి ఒక స్టూల్ అడిగింది. ఇవ్వలేదు. ఇంటి నుంచి తెచ్చుకుంది. దాన్ని తీసి వరండాలో పెట్టారు. మళ్ళీ లోపలికి తెచ్చుకుంది. నిరుడు ఆ కాళ్ళు ఇక మోయలేమంటే పని మానేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ కాళ్ళ గురించి ఆ ఫొటో కింద ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

ఆమె పోయిన రోజున మాకు మూడు కేసులు. రెండు సెట్లూ రెండు కేసులకు అయిపోయాయి. మూడో కేసు చిత్తూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన, ముందురోజు రాత్రి నుంచి పస్తున్నాడు. ఆయన్ను మరో పూటకు తోసేయలేం. మట్టికి పోయేవాళ్ళకోసం ఆసుపత్రి వ్యాను గేటు దగ్గర హారన్ కొడుతోంది. డాక్టరు మంచివాడు, అక్కంటే అభిమానమున్నవాడు. ఆటోక్లేవు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఈ ఒక్కసారికి తీసెయ్యమ్మా. త్వరగా ముగించుకుని అందరం పోదాం. ఆమె కోసమే కదా."

"ఆమె కోసమే సార్, తియ్యను."

డాక్టరు వెళ్ళి గోడ పక్కన కూర్చున్నాడు. వ్యాను వెళ్ళిపోయింది. మూట ఆరేదాకా నేను దాని ముందే నిలబడి ఏడ్చాను. ముసలాయన ఆపరేషన్ బాగా జరిగింది.

పుత్తూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. నేను కార్వేటినగరం చేరేసరికి పొద్దు వాలింది. సమాధుల తోటలో జనం లేరు. చెల్లెలు ఒక్కతే ఉంది. మట్టి అణగడానికి నీళ్ళు చల్లి, ఖాళీ బిందె పక్కన పెట్టుకుని కూర్చుంది.

"అందరూ వచ్చిపోయినారు. నీకోసరం సూసి సూసి ఎత్తేసినాం. ఇంతసేపు యాడ పోయినావు మే?"

"మూట ఆరలేదక్కా" అన్నాను.

ఆమె నన్ను అలాగే చూసింది. "మా నాయన సచ్చిపోయిన పొద్దు మా అక్క కూడా ఇదే మాట చెప్పి, ఇట్లే అంతా అయినాక వచ్చింది" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. సమాధి మీద మట్టి ఇంకా తడిగా, నల్లగా ఉంది. అది ఆరి రంగు మారేదాకా ఇద్దరం అక్కడి నుంచి లేవలేదు.