తలుపు తీసి అల్లిన జడ

ఎదురింటి మావయ్యగారు పోయారని అమ్మ వచ్చి చెప్పినప్పుడు నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. బకెట్లో మిగిలినవన్నీ ఆరేసి, క్లిప్పులు పెట్టి, అప్పుడు దిగాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

రైల్వేలో రిటైరైన మనిషి. గోసాని నువాగాం పేటలో మా వీధివాళ్ళకి ఆయన ఠాకురాణి అమ్మవారి యాత్రకి కట్టే ఆడవేషంతోనే గుర్తు. మొక్కు అది. పట్టుచీర కుచ్చిళ్ళు తనే పెట్టుకుని, సవరం తనే అల్లుకుని, తలెత్తుకుని వీధంతా నడిచేవారు. ఎవరూ నవ్వేవారు కాదు, దండం పెట్టేవారు. ఇంట్లో మాత్రం తాగిన గ్లాసు కూడా తీసేవారు కాదు.

"అమ్మోరికైతే సీర కడతారు, నాకు జొరమొత్తే గంజి కాయలేరేటి?" అనేది అత్తయ్య.

"ఓసి, అది మొక్కు. ఇది ఆడోల్ల పని. రెండూ ఒకటేటి?" అనేవారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

తర్వాత అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. మాట, కుడిచెయ్యి పడిపోయాయి. కొడుకు ఉద్యోగం భువనేశ్వర్‌లో. మావయ్యగారే వండారు, చీర కట్టారు, జడ వేశారు. అన్నీ తలుపు గడియ పెట్టుకునే. నేను కూర పట్టుకెళ్ళి తలుపు కొడితే, దువ్వెన జేబులో దాచుకుని తీసేవారు.

ఒక వేసవి పొద్దున కరెంటు పోయింది. ఉక్కకి ఆవిడ తట్టుకోలేకపోతోందని అరుగు మీదికి తెచ్చి కూర్చోబెట్టారు. జడ సగంలో ఉండగా పక్కింటి గుమస్తాగారు గేటు దగ్గర ఆగారు. మావయ్యగారి చేతులు ఆగిపోయాయి.

"ఆపేసినావేటి బావా? అల్లు" అన్నారు గుమస్తాగారు. గొంతు తగ్గించి, "మా ఇంట్లో గిన్నెలు నానే తోముతన్నాను. మా ఇంటిదానికి మోకాల్ల నొప్పులు కదా. నువ్వు నవ్వుతావని తలుపేసుకుంటన్నాను" అన్నారు.

"నానేటి నవ్వుతాను? నువ్వు నవ్వుతావనే కదా, ఇన్నాల్లూ లోపల ఉక్కలో సచ్చినాను!"

మర్నాటి నుంచి జడ అరుగు మీదే. ఆయన మనసు మారిందా, తలుపు మాత్రమే తెరుచుకుందా, నాకు తెలీదు. ఒకసారి అడిగేశాను కూడా.

"ఏటో అమ్మా, సేతులు ముందెల్లిపోనాయి. బుర్ర ఎనకాల వత్తంది" అన్నారు.

వచ్చి చేరిందో లేదో మళ్ళీ అడగలేదు.

పన్నెండో రోజు దాటాక వెళ్ళాను. అత్తయ్య అరుగు మీద వీధివైపు తిరిగి కూర్చుని ఉంది. వెనకాల కొడుకు, విడిపోయిన తెల్లజుట్టు రెండు చేతులా పట్టుకుని, ఎన్ని పాయలు తియ్యాలో తెలియక నిలబడ్డాడు. ఆవిడ తల తిప్పలేదు. ఎడమచెయ్యి భుజం మీదుగా ఎత్తి, మూడు వేళ్ళు చూపించింది.