కిరణాలు తాకని గిన్నె

ఎవరి కన్నూ చేరని చోట బిడ్డకు రూపమిచ్చే దేవునికి స్తోత్రం.

ఇళ్ల ప్లాట్ల వెంచర్లు బొంగులూరు దాటి వస్తున్న రోజుల్లో, ఇబ్రహీంపట్నం దగ్గరి కాలేజీ ల్యాబులో గిన్నెలు కడిగే పని చేసేదాన్ని. అక్కడి మేడం కోస్తా నుంచి వచ్చినావిడ. చేపగుడ్లకు కొద్దిపాటి ఎక్స్‌రే కిరణాలు తగిలించి, లోపలి పిండాలు ఎట్లా ఎదుగుతాయో చూసేవారు. ప్రతిసారీ ఇంకో గిన్నెడు గుడ్లను కూడా మిషన్ కింద పెట్టి, స్విచ్ వేయకుండానే తీసేవారు. మేం నవ్వితే, "పోల్చి చూడ్డానికి అదీ ఉండాలమ్మా" అనేవారు.

నా బిడ్డ వంకర పాదంతో పుట్టింది. కడుపుతో ఉన్నానని తెలియక, దగ్గుకు ఎక్స్‌రే తీయించుకున్నాను. దానివల్లే ఇట్లా అయిందని అత్తమ్మ నాతో మాట మానేసింది. నేనూ అదే నమ్మి కుమిలిపోయేదాన్ని.

ఒకరోజు పాలకోసం అత్తమ్మ బిడ్డను ల్యాబుకు తెచ్చింది. మా ఇంటి సంగతి తెలిసిన మేడం ఆమెను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి, తోక వంగిన చేపపిల్లను చూపించారు.

"గిది ఎక్స్‌రే మిషిన్ల పెట్టిందే గదా?" అంది అత్తమ్మ.

"పెట్టాను గానీ స్విచ్ వేయలేదండి. దీనికి కిరణాలే తగల్లేదు."

"మరి గిట్లెందుకైంది?"

"నాకు తెలియదండి."

"గింత సదివి తెల్వదంటవేందమ్మా!"

"చేపపిల్లకే కారణం తెలియనప్పుడు, మీ కోడలిదే తప్పని ఎలా అంటాను?"

అత్తమ్మ ఇంకోసారి కన్ను పెట్టి చూసింది. లేచి, బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

"పా, దవాఖానకు పోదం. కాలు సక్కగయ్యేటట్టు పట్టీ కడ్తరంట."

బిడ్డ పుట్టాక ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

కారణం తెలియని దానికి తననే నిందించుకుంటున్న ప్రతి తల్లికీ, తెలియదని చెప్పగల అటువంటి మనిషి ఎదురుపడాలని నాతో కలిసి ప్రార్థించండి. ఆమెన్.