ఎర్ర గుడ్డ కట్టిన కుండ

మనవరాలు శిరీష పాలిటెక్నిక్ చదువుతోంది. నిన్న పొద్దున వాకిట్లో కూర్చుని, కరెంటును అదుపు చేసే జొన్న గింజంత రెసిస్టర్ల మీది రంగు గీతలు చదువుతోంది.

"గోధుమ, నలుపు, ఎరుపు అంటే వెయ్యి ఓములు అవ్వా. గా ఎరుపు జాగల నారింజ ఉంటే పదివేలు."

"రంగు వెలిస్తే ఎట్లనే బిడ్డా?" అన్నాను. నాకెప్పుడూ అదే ఫికరు.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, చదువు రాని ఇండ్లలో కుండ మెడకు కట్టిన గుడ్డే రాత. మా ఇంట్లో తెల్ల గుడ్డ కుండలో తినే జొన్నలు, ఎర్ర గుడ్డ కుండలో పురుగుమందు కలిపిన విత్తనాలు. ఒక ఎండాకాలం ఆ ఎరుపు వెలిసి తెల్లబారింది. నేను ఆ కుండే వంచి చేటలో పోశాను. చిన్న చెల్లె గుప్పెడు నోట్లో వేసుకుంది. అమ్మ ఉరికొచ్చి, దాని నోట్లో వేలు పెట్టి ఒక్కో గింజా తీసింది.

"కండ్లు యాడ పెట్టినవే?" అని నా వీపు మీద ఒకటి వేసింది.

చెల్లెకు ఏమీ కాలేదు. ఆ రోజే అమ్మ ఆ గుడ్డకు మూడు ముడులు వేసింది, రంగు పోయినా చేతికి తగిలేలా.

"మాకు మీటర్ ఉంటది అవ్వా. రంగు పోతే దాంతోని చూస్తం," అని శిరీష నవ్వింది.

మంచిదే. నేను మాత్రం ఇప్పటికీ ఉప్పు డబ్బాను కూడా మూడుసార్లు చూసి గానీ వాడను. ఈ భయంతోనే అలసిపోయాను.

ఈ రోజు కాలేజీ నుంచి ఫోన్ చేసింది. "అవ్వా, నా రెసిస్టర్ల సంచికి గిన్ని ముడులెందుకేసినవ్? ఊడొస్తలేవు."